పాన్ నాబ్ తిప్పేముందు: ఆ ట్రాక్‌లో ఉన్నది ఒక శబ్దమా, రెండా?

మీ ప్రశ్న ఒకటిగా కనిపిస్తున్నా అందులో నాలుగున్నాయి. రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) ఒకదానికి గొంతు మైకు, రెండోదానికి గిటార్ మైకు పెట్టి పాడుతూ వాయించారు. వింటే గొంతు ఎడమ చెవిలోనే, గిటార్ కుడి చెవిలోనే ఉంది. గిటార్ వెడల్పుగా రావాలని దాన్ని కాపీ చేసి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తోశారు; శబ్దం పెరిగింది గానీ వెడల్పు రాలేదు. డ్రమ్ లూప్, బేస్, కీబోర్డు ప్యాడ్ (వెనకాల నిదానంగా సాగే శబ్దం), రెండు హార్మనీ గొంతులు చేర్చాక ఏది ఎటు, ఎంత తిప్పాలో తేలడం లేదు. అన్నీ అయ్యాక ఫోన్‌లో వింటే ప్యాడ్ సగానికి సగం వినిపించకుండా పోయింది.

నాలుగింటికీ వేరు ఒక్కచోటే ఉంది. స్టీరియో ట్రాక్ అంటే వెడల్పైన ట్రాక్ అని చాలామంది అనుకుంటారు. కాదు. స్టీరియో ట్రాక్‌లో రెండు ఛానెళ్లు ఉంటాయి, అంతే. ఆ రెండింటిలో ఉన్న శబ్దాల మధ్య తేడా ఉంటేనే చెవికి వెడల్పు తెలుస్తుంది. తేడా లేకపోతే, ఎన్ని ఛానెళ్లలో ఉన్నా సరే, ఆ శబ్దం రెండు స్పీకర్ల నడుమ ఒక్కచోట నిలబడుతుంది. పాన్ నాబ్ ఈ తేడాను పుట్టించదు. ఉన్న శబ్దాన్ని ఎక్కడ నిలబెట్టాలో మాత్రమే చెబుతుంది.

మొదట ఒక చెవి సంగతి. మీరు రికార్డు చేసింది స్టీరియో కాదు. రెండు మోనో (ఒకే ఛానెల్) శబ్దాలు ఒకే ఫైల్‌లో ఇరుక్కున్నాయి. ట్రాక్ ఇన్‌పుట్‌ను ‘1, 2 స్టీరియో’ అని పెట్టి ఉంటారు. మొదటి ఇన్‌పుట్ ఎడమ ఛానెల్‌కూ రెండోది కుడి ఛానెల్‌కూ వెళ్లాయి. రికార్డింగ్ చెడిపోలేదు, మళ్లీ పాడక్కర్లేదు. విడదీస్తే చాలు. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ అయితే, ట్రాక్ మెనూలో ‘స్ప్లిట్ స్టీరియో టు మోనో’ ఉంటుంది. దాని పక్కనే ‘స్ప్లిట్ స్టీరియో ట్రాక్’ అని ఇంకోటి ఉంటుంది, అది విడదీస్తుంది గానీ ఎడమను ఎడమలోనే, కుడిని కుడిలోనే ఉంచుతుంది. మీకు కావలసింది మొదటిది. ప్రో టూల్స్‌లో ట్రాక్ పేరు మీద రైట్ క్లిక్ చేస్తే ‘స్ప్లిట్ ఇంటు మోనో’ వస్తుంది. రీపర్‌లో ట్రాక్‌ను డూప్లికేట్ చేసి, ఐటమ్ ప్రాపర్టీస్‌లో ఛానెల్ మోడ్‌ను ఒకదానికి ‘మోనో లెఫ్ట్’ అనీ రెండోదానికి ‘మోనో రైట్’ అనీ పెట్టండి. ఇకపై రికార్డు చేసేటప్పుడు ఒక్కో మైకుకు ఒక్కో మోనో ట్రాక్, దానికి ఒక్కో ఇన్‌పుట్. గొంతును స్టీరియోలో రికార్డు చేస్తే నాణ్యత పెరుగుతుందన్నది ఒట్టి అపోహ. ఒక మైకు ఇచ్చేది ఒక సిగ్నల్. దాన్ని రెండు ఛానెళ్లలో రాస్తే ఫైల్ రెట్టింపవుతుంది: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో నిమిషానికి సుమారు 8.6 ఎంబీ కావలసింది 17 ఎంబీ దాటుతుంది. లాభం సున్నా.

మీ చేతిలో ఉన్న స్టీరియో ఫైల్ నిజంగా స్టీరియోనా అని అనుమానం వస్తే తేల్చడం సులువు. రెండు ఛానెళ్లను రెండు మోనో ట్రాకులుగా విడదీయండి, రెంటినీ మధ్యలో, ఒకే లెవెల్‌లో ఉంచండి, ఒకదాని పోలారిటీ తిప్పండి, అంటే తరంగం పైకి వెళ్లేచోట కిందికి వెళ్లేలా చేయండి (ఇన్వర్ట్ అనో ఫేజ్ అనో రాసి ఉంటుంది). నిశ్శబ్దమైపోతే రెండింటిలో ఉన్నది ఒకటే, అంటే మోనో. ఏదైనా మిగిలితే, ఆ మిగిలినదే మీ స్టీరియో. నెట్‌లో దొరికే లూపుల్లో స్టీరియో వేషంలో తిరిగే మోనోలు బోలెడు. వాటిని మోనోగా మార్చేసుకుంటే తర్వాత పాన్ చేయడం సుఖంగా ఉంటుంది.

ఎందుకు సుఖమంటే, నాబ్ ఒకేలా కనిపించినా మోనో ట్రాక్ మీద అది చేసే పని వేరు, స్టీరియో ట్రాక్ మీద చేసే పని వేరు. మోనో ట్రాక్ మీద అది ఒక సిగ్నల్‌ను రెండు వైపులకు పంచుతుంది. ఎడమకు తిప్పితే శబ్దం మొత్తం ఎడమకు నడిచి వెళ్తుంది, ఏదీ పోదు. స్టీరియో ట్రాక్ మీద చాలా సాఫ్ట్‌వేర్లలో అదే నాబ్ బ్యాలెన్స్‌గా పనిచేస్తుంది. అంటే ఎడమకు తిప్పితే కుడి ఛానెల్ తగ్గుతుంది, అంతే. కుడిలో ఉన్నది ఎడమకు రాదు. పియానో స్టీరియోలో ఉండి, పై స్వరాలు కుడి ఛానెల్‌లో ఎక్కువగా ఉన్నాయనుకోండి. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు తిప్పితే మీరు పియానోను పక్కకు జరపలేదు, కుడిచేతి వాయింపును చాలావరకు కోసేశారు. ‘పాన్ చేశాక కీబోర్డు పలచబడింది’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే.

దీనికి మందు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది, కాకపోతే దాగి ఉంటుంది. లాజిక్‌లో పాన్ నాబ్ మీద కంట్రోల్ క్లిక్ చేసి ‘బ్యాలెన్స్’ బదులు ‘స్టీరియో పాన్’ ఎంచుకోండి. రీపర్‌లో నాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘స్టీరియో పాన్’ పెడితే పక్కన విడ్త్ (వెడల్పు) నాబ్ కూడా వస్తుంది. ఏబుల్టన్ లైవ్ 10 నుంచి ‘స్ప్లిట్ స్టీరియో పాన్’ ఉంది. ప్రో టూల్స్‌లో స్టీరియో ట్రాక్‌కు మొదటినుంచీ రెండు నాబ్‌లు. అవి పూర్తి ఎడమ, పూర్తి కుడిలో ఉంటాయి. రెండు నాబ్‌లు ఉన్నప్పుడు మీరు గీత గీసినట్టు చెప్పవచ్చు: ఈ ప్యాడ్ ఎడమ చివరి నుంచి నడిమి దాకా ఉండాలి, ఆ పియానో కుడివైపు 20 నుంచి 70 దాకా (మధ్య సున్నా, చివర 100 అనుకుంటే) ఉండాలి అని. వాద్యం పూర్తిగా ఉంటుంది, స్థలం మాత్రం తక్కువ తీసుకుంటుంది. ఇంట్లో చేసే మిక్సుల్లో నాకు అన్నింటికన్నా ఎక్కువగా పనికొచ్చిన సాధనం ఇదే.

ఇప్పుడు కాపీ చేసిన గిటార్. పై పరీక్ష గుర్తు చేసుకుంటే జవాబు మీకే తెలుస్తుంది. ఒకే టేక్‌ను (ఒకసారి వాయించిన రికార్డింగ్‌ను) ఎడమకూ కుడికీ పెట్టారంటే రెండు వైపులా ఒకటే ఉంది. కాబట్టి అది మధ్యలో నిలబడ్డ మోనో గిటార్, కాస్త గట్టిగా. ఇది తెలిశాక చాలామంది తొక్కే రెండో మెట్టు: కాపీని పది పన్నెండు మిల్లీసెకన్లు వెనక్కి జరపడం. అబ్బ, ఒక్కసారిగా వెడల్పు! హెల్ముట్ హాస్ 1949లో రాసిన పరిశోధన పేరుతో దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. ఒకే శబ్దం రెండోసారి సుమారు 30 మిల్లీసెకన్ల లోపు వస్తే చెవి దాన్ని ప్రతిధ్వనిగా విడదీయదు, మొదట వచ్చిన వైపు నుంచే వచ్చిందనుకుంటుంది. అంటే లెవెళ్లు సమానంగా ఉన్నా గిటార్ ముందున్న కాపీ వైపు ఒరుగుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు మోనోలో. 10 మిల్లీసెకన్ల తేడాతో ఉన్న రెండు సమానమైన కాపీలు కలిస్తే 50, 150, 250 హెర్ట్జ్... ఇలా ప్రతి వంద హెర్ట్జ్‌కూ ఒక గొయ్యి పడుతుంది, అంటే అక్కడి శబ్దం మాయమవుతుంది. గిటార్ డబ్బా గొట్టంలో వాయించినట్టు మోగుతుంది. నేనైతే ఈ కిటుకును ముఖ్యమైన వాద్యం మీద వాడను. ఎక్కడో ఒక్క పదానికో, ఒక చిన్న మెరుపుకో అయితే సరే.

వెడల్పు కావాలంటే గిటార్‌ను రెండోసారి వాయించండి. అదే భాగం, అదే లయ, కొత్త టేక్. మీరు ఎంత జాగ్రత్తగా వాయించినా ప్రతి మీటుకూ సమయంలో, బలంలో, శ్రుతిలో పిసరంత తేడా వస్తుంది, ఆ తేడా క్షణక్షణం మారుతూ ఉంటుంది. చెవికి కావలసింది అదే. ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి. మోనోలో కలిపినా గొయ్యి ఒకే చోట స్థిరంగా ఉండదు కాబట్టి దెబ్బ తినదు. రెండో టేక్‌లో కేపో (గిటార్ మెడ మీద తీగలను నొక్కిపట్టే క్లిప్) వేసి అవే కార్డ్స్‌ను వేరే ఆకారాల్లో పట్టుకుంటే ఇంకా బాగుంటుంది. శ్రమ ఎక్కువే, కానీ దీనికి సాటివచ్చే ప్లగిన్ నేను వినలేదు.

ఇక్కడ మీ విషయంలో ఒక మెలిక ఉంది. మీరు పాడుతూ వాయించారు. అంటే గిటార్ మైకులో గొంతు కూడా పడింది, గొంతు మైకులో గిటార్ పడింది. గొంతును మధ్యలో పెట్టి గిటార్ మైకును పూర్తిగా కుడికి తోస్తే, గిటార్ వెంట గొంతు నీడ కూడా కుడికి వెళ్తుంది. పాడేవాళ్లు తల తిప్పినట్టు, కుదురుగా లేనట్టు అనిపిస్తుంది. ఆ రెండు ట్రాకులనూ మధ్యకు దగ్గరగా ఉంచండి, గిటార్‌ను మహా అయితే 15 లేదా 20 దాకా జరపండి. ఒక ట్రాక్ పోలారిటీ తిప్పి, తిప్పక విని, ఏ స్థితిలో కింది స్వరాలు నిండుగా ఉన్నాయో అది ఉంచండి. అదనంగా వాయించే రెండు గిటార్లను అటూ ఇటూ పెడితే, నడుమ ఉన్న అసలు ప్రదర్శన చెక్కు చెదరకుండా చుట్టూ వెడల్పు వస్తుంది.

మిగతా పాట. ముందు మధ్యలో ఎవరుండాలో తేల్చండి: ప్రధాన గొంతు, బేస్, డ్రమ్స్‌లో కిక్, స్నేర్. బేస్‌ను మధ్యలో ఉంచమనడానికి ఎల్‌పీల కాలం నాటి కారణం ఒకటుంది. స్టీరియో రికార్డు గాడిలో ఎడమ కుడి ఛానెళ్ల తేడా నిలువు కదలికగా మారుతుంది. బలమైన కింది స్వరం ఒక పక్కకు పోతే సూది గాడి తప్పే ప్రమాదం. ఇప్పుడు ఆ భయం లేదు. కానీ దాదాపు వంద హెర్ట్జ్ కింద శబ్దం ఎటు నుంచి వస్తోందో గదిలో చెవి సరిగా పట్టుకోలేదు, పైగా మధ్యలో ఉంటే రెండు స్పీకర్లూ భారం పంచుకుంటాయి. కాబట్టి అలవాటు మంచిదే. కీబోర్డు బేస్ ప్యాచ్ స్టీరియోలో వస్తుంటే మోనో చేసేయండి. ఆ కోరస్ (ఒకే శబ్దాన్ని చాలామంది వాయించినట్టు వినిపించే ఎఫెక్ట్) వెడల్పు విడిగా వింటే ముద్దొస్తుంది, పాటలో బేస్‌ను బలహీనం చేస్తుంది.

డ్రమ్ లూప్‌లో కిక్, స్నేర్, హైహ్యాట్ అన్నీ కలిసిపోయి ఉన్నాయి, కాబట్టి దాన్ని పక్కకు జరపకండి, మధ్యలోనే ఉంచి విడ్త్‌ను వినికిడిని బట్టి తగ్గించండి. విడివిడి ట్రాకులు దొరికితే హైహ్యాట్‌ను ఒకవైపు, టామ్స్‌ను వరసగా పరచవచ్చు. వాయించేవారి స్థానం నుంచా, వినేవారి స్థానం నుంచా అన్నది మీ ఇష్టం. ఒకటి ఎంచుకుని ఓవర్‌హెడ్ మైకులతో (డ్రమ్స్ పైన పెట్టేవి) సరిపోయేలా ఉంచండి. ఓవర్‌హెడ్స్‌లో హైహ్యాట్ ఎడమన ఉండి, దాని మైకును మీరు కుడికి పెడితే అది రెండు చోట్లా లేనట్టే.

హార్మనీ గొంతులు రెండూ మోనో ట్రాకులే కదా. ఒకటి ఎడమ 60, ఒకటి కుడి 60 దగ్గర మొదలుపెట్టండి. అవి ఒకే స్వరాలు పాడుతుంటే ఇంకా బయటకు తోయవచ్చు. వేర్వేరు స్వరాలైతే, పై స్వరం చెవిని ఎక్కువ లాగుతుంది గనుక కొంచెం లోపలికి, లేదా కొంచెం తగ్గించి ఉంచండి. గొంతులో అచ్చు కాని ‘స’, ‘ష’ లాంటి ధ్వనులు రెండు అంచుల్లో వేర్వేరు క్షణాల్లో పడితే చిరాకు పుట్టిస్తాయి. హార్మనీ ట్రాకుల్లో వాటిని ధైర్యంగా తగ్గించేయండి, ప్రధాన గొంతు ఆ పని చూసుకుంటుంది.

కీబోర్డు ప్యాడ్ దగ్గర కాస్త కఠినంగా ఉండాలి. కీబోర్డులోని ప్రతి ప్యాచ్‌నూ కొనుగోలుదారుడు విడిగా విని మురిసిపోయేలా తయారుచేస్తారు. అందుకే అన్నీ అంచు నుంచి అంచు దాకా పరుచుకుని వస్తాయి. అలాంటివి నాలుగైదు పేర్చితే ప్రతిదీ అన్నిచోట్లా ఉంటుంది, అంటే ఏదీ ఎక్కడా ఉండదు. వినడానికి మొత్తం పెద్ద మోనోలా అవుతుంది. నా పద్ధతి: పాటకు పూర్తి వెడల్పు ఉన్నవి ఒకటో రెండో. మీ పాటలో ఆ స్థానం గిటార్లకు ఇస్తే ప్యాడ్‌ను సగానికి కుదించండి, లేదా ఒక ఛానెల్‌ను మాత్రమే తీసుకుని మోనోగా ఎడమ 40 దగ్గర నిలబెట్టండి. ప్యాడ్‌కే ఇస్తే గిటార్ ఒక్కటి చాలు. ఇరుకైనవి పక్కన ఉంటేనే వెడల్పైనది వెడల్పుగా తెలుస్తుంది.

ఎంత తిప్పాలన్న దానికి సంఖ్యలు ఇస్తున్నాను గానీ వాటిని పట్టుకు వేలాడకండి. కొందరు అసలు మధ్య, పూర్తి ఎడమ, పూర్తి కుడి తప్ప ఇంకే స్థానమూ వాడరు. తొలినాళ్ల కొన్ని మిక్సర్లలో పాన్‌కు నాబ్ కాకుండా మూడు స్థానాల స్విచ్చే ఉండేది. ఆ కట్టుబాటు నేర్చుకునేవారికి మంచి వ్యాయామం, ఎందుకంటే 8, 13, 22 లాంటి స్థానాల మధ్య తేడా చెవికి దాదాపు తెలియదు. 10 లోపు తిప్పడం కన్నా మధ్యలో వదిలేయడం నయం. మొత్తానికి చూసుకోవాల్సింది బరువు: ఎడమన లయ వాయించే గిటార్ ఉంటే కుడిన అలాగే కదిలే ఏదో ఒకటి ఉండాలి. నిదానంగా సాగే ప్యాడ్ దానికి జోడీ కాదు.

ఇక ఫోన్. ప్యాడ్ మాయమవడానికి కారణం ఇదే: చాలా చిన్న స్పీకర్లు ఎడమ కుడి కలిపి మోనోగా వాయిస్తాయి. మీ ప్యాడ్ వెడల్పులో కొంత భాగం ఒక ఛానెల్‌లో పైకి, రెండో ఛానెల్‌లో అదే కిందికి, అంటే ఎదురు పోలారిటీలో ఉంది. కలిస్తే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోరస్ ఎఫెక్ట్స్, స్టీరియో వైడెనర్ ప్లగిన్లు ఈ పని తెగ చేస్తాయి. మాస్టర్ మీద (ట్రాకులన్నీ కలిసి బయటకు వెళ్లే చోటు) కోరిలేషన్ మీటర్ (రెండు ఛానెళ్లు ఎంత ఒకేలా ఉన్నాయో చూపేది) పెట్టి ప్యాడ్‌ను ఒంటరిగా వినండి. సూచిక ప్లస్ 1 దగ్గర ఉంటే మోనో. సున్నాకూ ప్లస్ 1కీ మధ్య తిరుగుతుంటే ఆరోగ్యం. ఎక్కువసేపు మైనస్‌లో ఉంటే ఫోన్‌లో పోతుందని అర్థం. కీబోర్డులో కోరస్ ఆపేయండి, లేదా విడ్త్ తగ్గించండి.

పోలారిటీ గొడవ లేకపోయినా మోనోలో పక్కనున్నవి కొంచెం తగ్గుతాయి, దానికి ‘పాన్ లా’ అనే నియమం కారణం. మోనో శబ్దం మధ్యలో ఉంటే రెండు స్పీకర్లూ వాయిస్తాయి, అంచుకు పోతే ఒక్కటే. ఆ తేడాను సరిచేయడానికి సాఫ్ట్‌వేర్ మధ్యలో ఉన్నప్పుడు ఒక్కో వైపు కొంత తగ్గిస్తుంది: 3 డీబీ (డెసిబెల్), 4.5 డీబీ, 6 డీబీ, లేదా అసలు తగ్గించకపోవడం. 3 డీబీ పద్ధతిలో గదిలో స్పీకర్ల ముందు లెవెల్ దాదాపు సమానంగా ఉంటుంది. కానీ మోనోలో కలిపినప్పుడు, పూర్తిగా పక్కనున్నది మధ్యలో ఉన్నదానికన్నా 3 డీబీ వెనకబడుతుంది. 6 డీబీ పద్ధతిలో మోనోలో సమానం, గదిలో మధ్య కొంచెం బలహీనం. ఏది మేలని వాదించుకోవడం దండగ. ఒకటి పెట్టుకుని పాట మధ్యలో మార్చకుండా ఉంటే చాలు. మారిస్తే అన్ని మోనో ట్రాకుల లెవెళ్లూ ఒకేసారి కదులుతాయి. అలాగే ఏదైనా పాన్ చేసిన ప్రతిసారీ దాని ఫేడర్ (లెవెల్ మార్చే మీట) సరిగా ఉందో లేదో మళ్లీ వినండి.

ఇదే కారణంతో నేను లెవెళ్లు, ఈక్యూ (కింది, పై స్వరాల హెచ్చుతగ్గులు) మాస్టర్‌ను మోనోలో పెట్టి చేస్తాను. గిటార్, ప్యాడ్, గొంతు మూడూ ఒకే చోట నిలబడి కూడా విడివిడిగా వినిపించే దాకా. మొదటే పాన్ చేస్తే రెండు వాద్యాల తగువు తీరినట్టు అనిపిస్తుంది, తీరదు, దూరంగా కూర్చోబెట్టాం అంతే. మోనో బటన్ తీసేశాక పాన్ చేస్తే పది నిమిషాల పని.

హెడ్‌ఫోన్స్‌లోనే మిక్స్ చేస్తున్నారని రాశారు. స్పీకర్ల ముందు కూర్చుంటే ఎడమ స్పీకర్ శబ్దం కుడి చెవికి కూడా కాస్త ఆలస్యంగా చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో ఆ కలయిక లేదు, పూర్తిగా ఎడమ అంటే ఒక్క చెవే. అందుకే అక్కడ వెడల్పు అతిగా వినిపిస్తుంది, భయపడి అన్నీ లోపలికి లాగుతాం. స్పీకర్లలో వింటే పాట ఇరుకుగా ఉంటుంది. జోడు టేకులు పూర్తి అంచులో ఉన్నా ఇబ్బంది లేదు, రెండు చెవులకూ పని ఉంటుంది. ఒంటరి వాద్యం ఒక్కటే అంచులో ఉంటే మాత్రం 70, 80 దగ్గర ఆపండి. లేదా అంచులోనే ఉంచి దాని రివర్బ్‌ను (గది ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్) రెండో వైపుకు కూడా పరవండి.

రివర్బ్ గురించి ఒక్క మాట. గొంతు మోనో ట్రాక్ అయినా రివర్బ్ స్టీరియోగానే ఉండాలి. దాన్ని గొంతు ట్రాక్‌లో ఇన్సర్ట్ చేయకుండా వేరే స్టీరియో ట్రాక్‌లో పెట్టి, గొంతు కాపీని సెండ్ ద్వారా అక్కడికి పంపండి. క్యూబేస్ లాంటి వాటిలో మోనో ట్రాక్‌లోనే స్టీరియో ప్లగిన్ వేస్తే బయటకు వచ్చేది మోనోయే, ప్లగిన్ ఎంత గొప్పదైనా.

చివరిగా, మాస్టరింగ్‌కో (మిక్స్ అయ్యాక చివరి మెరుగు), ఇంకొకరి మిక్స్‌కో విడి ఫైళ్లు పంపేటప్పుడు. గొంతు, బేస్, హార్మనీలు, ఒక్కో గిటార్ టేక్ మోనో ఫైళ్లుగా. ప్యాడ్, డ్రమ్ లూప్ స్టీరియోగా ఇవ్వండి. అన్నీ పాట సున్నా క్షణం నుంచే మొదలవ్వాలి. మిక్స్ చేసేది వాళ్లయితే పాన్‌లన్నీ మధ్యలో పెట్టి ఎక్స్‌పోర్ట్ చేసి, మీ స్థానాలను విడిగా రాసి పంపండి. మిక్స్ మీదే, మాస్టరింగ్ మాత్రమే వాళ్లదైతే ఒక్క స్టీరియో ఫైల్ చాలు, మాస్టర్ మీద పెట్టిన మోనో బటన్ తీసేశారో లేదో చూసుకుని.